వకీలు కార్యాలయమున మార్పు

“క్రొత్త యొక వింత, ప్రాత యొక రోత” యని లోకోక్తి. న్యాయవాదుల కార్యాలయములందు మాత్ర మిది తలక్రిందుగా నుండును. అచ్చట ప్రాతది ప్రాణప్రదము, క్రొత్తది భయకారణము. దీనిని వట్టి సోమరితన మనరాదు. ఇంట నొకపూట వంట చెడిన మరుపూట సవరించుకొందుము. వకీలు కార్యాలయమున నొక వాయిదా తప్పిన నొక కుటుంబము నెలల తరబడి వగచును. కావున నచ్చటి మార్పును నడపు విధము మనకును సంబంధించినదే.

2024 జూలై 1వ తేదీన మన దేశమున మూడు ప్రధాన శాసనములు మారినవి. 1860 నాటి శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయ సంహితయు, 1973 నాటి నేరవిచారణ స్మృతికి బదులు భారతీయ నాగరిక సురక్షా సంహితయు, 1872 నాటి సాక్ష్య చట్టమునకు బదులు భారతీయ సాక్ష్య అధినియమమును వచ్చినవి. హత్యకు 302 పోయి 103 వచ్చెను. మోసగాని “ఫోర్ ట్వంటీ” యని నిందించుట జనుల నోట నిలిచినను, శాసనమున నా సంఖ్య 318 అయ్యెను. మనము ముఖ్యముగా నెఱుగవలసినవి రెండు: భర్తయు నతని బంధువులును పెట్టు హింసకు సంబంధించిన 498-ఎ యిప్పుడు 85; భార్యాబిడ్డల మనోవర్తికి సంబంధించిన 125 యిప్పుడు 144.

ఇంతటితో కష్టము తీరలేదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరమునకు ప్రాత శిక్షాస్మృతియే వర్తించును. అప్పటికే నడచుచున్న విచారణలును ప్రాత పద్ధతినే సాగును. కావున నొకే బీరువాలో రెండు శాసనముల దస్త్రములు పెక్కేండ్లు కలిసి కాపురము చేయవలసియున్నది. అత్తగారి వంటయు కోడలి వంటయు నొకే పొయ్యిమీద సాగినట్లు!

మన ప్రాంతపు వకీళ్లకు మార్పు క్రొత్త గాదు. 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టు 1956లో హైదరాబాదునకు వచ్చెను. 2018 డిసెంబరు 26న హైకోర్టు విభజనకు ఉత్తర్వు వెలువడ, 2019 జనవరి 1న రెండు హైకోర్టు లేర్పడెను. ఎవరు హైదరాబాదున నుండవలె, నెవ్వ రమరావతికి పోవలె నని తేల్చుకొనుటకు నడుమ వారమైనను లేదు. మా కీసరయు 2016లో రంగారెడ్డి జిల్లానుండి మేడ్చల్ జిల్లాలో చేరెను. 2022 జూన్ 2న క్రొత్త న్యాయ జిల్లా లారంభమయ్యెను.

ఇట్టి వేళ పెద్ద వకీలు చేయవలసిన దేమి? మొదట గుమాస్తాను పిలిచి యాలోచింపవలెను. ఏ కట్ట యెచ్చట నున్నదో యెఱిగినవా డతడే. అతనితో చెప్పక కంప్యూటరు తెచ్చి పెట్టుట, వంటచేయు నామె నడుగక పొయ్యి మార్చుట వంటిది. పిమ్మట ప్రతి దస్త్రముపై నేరము జరిగిన తేదీయు, వర్తించు శాసనమును పెద్ద యక్షరములతో వ్రాయింపవలెను. ప్రాత, క్రొత్త సంఖ్యల పట్టిక గోడపై నుంచవలెను. ఏ పని యెవరిదో స్పష్టముగా పంచవలెను. క్రొత్త పద్ధతి చేతికి వచ్చువఱకు ప్రాత వాయిదాల పుస్తకమును మూయరాదు. వారమున కొకసారి యందఱును కూర్చుండి దొరలిన పొరపాట్లను చెప్పుకొనవలెను, చెప్పినవానిని కసరరాదు. కసరినచో తప్పులు మానవు, దాగును.

సెక్షను సంఖ్య తప్పినంతమాత్రమున హక్కు పోదు. కాని కాగితము సవరణకై తిరిగివచ్చిన, మనోవర్తికై యెదురుచూచు తల్లికి బిడ్డల బడిరుసుమును, నెల బియ్యమును నిలుచును. ఆలస్యమునకు వెల యిచ్చునది యామెయే.

కావున, సోదరీమణులారా, కోర్టుపని పడినప్పుడు వకీలు నడుగుటకు సంకోచింపకుడు. మన వ్యాజ్యమున కేది వర్తించును? మన దస్త్ర మెవరి చేతిలో నున్నది? మన సి.ఎన్.ఆర్. సంఖ్య యేది? పదునాఱు అంకెలును అక్షరములును గల యా సంఖ్య యున్నచో, ఈ-కోర్టుల ద్వారా వాయిదా తేదీని ఇంటనే ఫోనులో చూచుకొనవచ్చును. దానిని పద్దుపుస్తకమున వ్రాసియుంచుకొనుడు.