ఇంట్లోనే పేలాలు

సాయంత్రం పిల్లలు బడి నుంచి వస్తారు. "అమ్మా, ఆకలి!" అంటారు. చేతిలో డబ్బులు పెడితే కొట్టుకు పరుగెత్తుతారు. నూనె, ఉప్పు ఎక్కువున్న పొట్లాలు కొనుక్కుంటారు. వాటికి బదులు ఇంట్లోనే మొక్కజొన్న పేలాలు చేసి పెట్టవచ్చు.

పేలాలు కొత్త తిండి కాదు. తొలి ఏకాదశికి చాలా ఇళ్లలో పేలాల పిండి, బెల్లం కలిపి తింటారు.

గింజ ఎందుకు పేలుతుంది?

గింజ లోపల కొంచెం తేమ ఉంటుంది. పైన గట్టి పొట్టు ఉంటుంది. వేడికి తేమ ఆవిరి అవుతుంది. ఆవిరి పోయే దారి ఉండదు. పొట్టు పగిలి, గింజ పువ్వులా విచ్చుకుంటుంది. మామూలు మొక్కజొన్న ఇలా బాగా పేలదు. పేలాల రకం గింజలే కొనాలి.

ఎలా చేయాలి?

మందపాటి గిన్నెలో చెంచాడు నూనె కాచాలి. గుప్పెడు గింజలు వేసి మూత పెట్టాలి. గిన్నెను అప్పుడప్పుడు కదపాలి. టపటప చప్పుడు తగ్గగానే దించాలి. చిటికెడు ఉప్పు, పసుపు చల్లితే చాలు.

పేలాల్లో పీచు ఉంటుంది. అది మలబద్ధకాన్ని తగ్గిస్తుంది. వేయించిన శనగలు కలిపితే మాంసకృత్తులు కూడా అందుతాయి.

జాగ్రత్త!

విత్తనాల కోసం తెచ్చిన గింజలు ఎప్పుడూ వాడకూడదు. వాటికి పురుగుమందు పట్టించి ఉంటుంది. కడిగినా అది పూర్తిగా పోదు.

నాలుగేళ్ల లోపు పిల్లలకు పేలాలు, శనగలు పెట్టకూడదు. గొంతుకు అడ్డం పడితే ఊపిరి ఆడదు. వాళ్లకు మెత్తటి అరటిపండు పెట్టాలి. పెద్ద పిల్లలైనా కూర్చుని, బాగా నమిలి తినాలి. పరుగెత్తుతూ తినకూడదు.