సబ్‌డొమైన్: స్థాపన, సంరక్షణ

కరీంనగర్, నల్లగొండ, వరంగల్లు ప్రాంతముల నుండి నేతపనికై వలసవచ్చిన తెలుగువారు భివండీలో స్థిరపడిరి. కామత్‌ఘర్ వంటి పేటలలో సాంచాల చప్పుడుతో పాటు తెలుగు మాటయు వినబడుచుండును. ఇట్టిచోట నొక సంఘము పెరిగినకొలది గ్రంథాలయము, వివాహ పరిచయ వేదిక, విద్యార్థి సహాయనిధి మొదలగు శాఖలేర్పడుట సహజము. ప్రతిశాఖకును అంతర్జాలమున వేరొక పేరు కొన్నచో ఏటేట వ్యయము పెరుగును; సంఘపు గుర్తింపు చెదరును. ఈ రెండు చిక్కులను తీర్చునది సబ్‌డొమైన్. దానిని నెలకొల్పు విధమును, కాపాడుకొను విధమును ఇచట వివరింతును.

తొలుత అంతర్జాలమునందలి యంత్రముల పేర్లన్నియు ఒకే పట్టికలో నుండెడివి. పట్టిక పెరిగి నిర్వహణ కష్టమగుటచే 1983లో పాల్ మొకపెట్రిస్ డొమైన్ నామ వ్యవస్థను రూపొందించెను. ఇందు ఒక పేరు పొందినవారు దాని క్రింద శాఖానామములను తామే సృష్టించుకొనవచ్చును. అందులకు వేరుగా రుసుము చెల్లించి నమోదు చేయనక్కరలేదు. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా చిరునామాయే ఇందుకు తార్కాణము. 'టీఈ.వికీపీడియా.ఓఆర్‌జీ' అనుదానిని కుడినుండి ఎడమకు చదువవలెను: ఓఆర్‌జీ క్రింద వికీపీడియా, దాని క్రింద తెలుగును సూచించు 'టీఈ'. చివరిదే సబ్‌డొమైన్.

ఇక స్థాపనా విధానము. హోస్టింగు సంస్థ యిచ్చిన కంట్రోల్ ప్యానెల్‌లో ప్రవేశింపవలెను. సీప్యానెల్ అయినచో 'డొమైన్స్' విభాగమును తెరచి, క్రొత్త పేరును చేర్చు మీటను నొక్కి, 'గ్రంథాలయం' వంటి శాఖానామమును ఆంగ్లాక్షరములలో, చుక్కపెట్టి, సంఘపు పేరుకు ముందు వ్రాయవలెను. ఒక్కొక్క భాగము 63 అక్షరములకు మించరాదు. పిదప ఆ శాఖ పుటలుండు ఫోల్డరును నిర్ణయింపవలెను. ప్రధాన స్థలపు ఫోల్డరునే ఉంచినచో రెండు చిరునామాలకును ఒకే పుట కనబడును. కావున వేరు ఫోల్డరు మేలు.

పేరు చేర్చినంతమాత్రమున పని ముగియదు. ఆ పేరు ఏ యంత్రమునకు పోవలెనో తెలుపు 'ఏ' రికార్డు ఉండవలెను. నేమ్‌సర్వర్లు ఆ హోస్టింగు సంస్థవే యైనచో ప్యానెలే దానిని వ్రాయును. వేరొకచోట నున్నచో అచటికేగి మనమే వ్రాయవలెను. సబ్‌డొమైన్ తెరచుకొనలేదని చింతించువారిలో పెక్కురు మరచునది ఇదియే. ఇతర యంత్రములు పాత సమాచారమును కొంతకాలము దాచుకొనును. రికార్డులోని కాలపరిమితి 14400 సెకండ్లైనచో, మార్పు కనబడుటకు 4 గంటలు పట్టవచ్చును. తుదకు భద్రతా ప్రమాణపత్రము క్రొత్త పేరునకును వర్తించుచున్నదో లేదో చూడవలెను. లేనిచో బ్రౌజరు సందర్శకుని హెచ్చరించును.

స్థాపనకంటె సంరక్షణ ముఖ్యము. శాఖ మూతపడినను దాని రికార్డు మిగిలి, మనము విడిచిన బయటి సేవవైపే చూపుచున్నచో, అన్యుడొకడు ఆ సేవలో ఆ స్థానమును చేజిక్కించుకొని, మన సంఘపు పేరుతోనే మోసపు పుటను నిలుపగలడు. సంబంధముల కొఱకు వివరములిచ్చిన కుటుంబములు ఆ పేరును నమ్మియే వచ్చును గదా! కావున ముందుగా రికార్డును తొలగించి, పిదప సేవను మూయవలెను.

ప్రధాన నామము గడువు మీరినచో శాఖలన్నియు ఒక్కసారిగా మూతపడును. దానిని ఉత్సాహియగు ఒక సభ్యుని పేర గాక సంఘము పేరనే నమోదు చేయవలెను. ప్యానెల్ ప్రవేశాధికారము ఇరువురు బాధ్యులకైన నుండవలెను. శాఖానామముల పట్టికను ఏటేట సర్వసభ్య సమావేశమున సరిచూడవలెను.

పడుగు తెగినచో పేక నిలువదని నేతగానికి వేరుగా చెప్పనేల? సంఘపు పేరు పడుగు, శాఖలు పేక.