ఇంటి కుక్కకు ఆపరేషన్ అంటే

"సిస్టరమ్మా, మా కుక్కకు గర్భసంచి తీసెయ్యాలంట, బతుకుద్దా?" అని మందుల కోసం వచ్చినవారు మమ్మల్ని అడుగుతుంటారు. కొందరు సిగ్గుపడుతూ అడుగుతారు. సిగ్గెందుకు? ఏళ్ల తరబడి వాకిలి కాసిన ప్రాణం అది.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కకు, ఎదకు వచ్చిన ఒకటి రెండు నెలలకు గర్భసంచిలో చీము పట్టవచ్చు. నీళ్లు ఎక్కువగా తాగుతుంది, తిండి మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది. కొన్నిటికి చీము బయటకు కారదు, పొట్ట ఉబ్బుతుంది. అది ఇంకా ప్రమాదం. పశువైద్యులు ఆపరేషన్ అంటే మత్తుకు భయపడి వాయిదా వేయకండి.

ముందు ఎన్ని గంటలు తిండి పెట్టకూడదో డాక్టరుగారిని అడగండి. జాలిపడి పెరుగన్నం పెడితే, మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మా థియేటర్లో మనుషులకూ ఇదే నియమం.

ఇంటికి తెచ్చాక మొదటిరోజు మగతగానే ఉంటుంది, కంగారుపడకండి. మన మార్కాపురం ఇళ్లలో బండల నేల చల్లన; మత్తు దిగేదాకా ఒంటివేడి తగ్గుతుంది కనుక గోనెపట్టా మీద పాత దుప్పటి వేయండి. చిగుళ్లు తెల్లగా పాలిపోయినా, కుట్ల నుంచి రక్తం ఆగకపోయినా వెంటనే తీసుకువెళ్లండి. 10 నుండి 14 రోజులు కుట్లు నాకనివ్వకూడదు. మెడకు గరాటులాంటి పట్టీ కట్టించండి.

మూలుగుతోందని మన పారాసిటమాల్, బ్రూఫెన్ మాత్రలు మాత్రం వేయకండి. కుక్కకు అవి విషమవుతాయి. నొప్పికి మందు పశువైద్యులే ఇస్తారు, అడగండి.