బడిలో పాట పీరియడ్‌కు కాపలా: మ్యూజిక్ టీచర్ల సంఘం ఏం చేస్తుంది?

స్కూలు బడ్జెట్ తగ్గిందంటే ముందు కత్తెర పడేది మ్యూజిక్ పీరియడ్‌కే. అమెరికాలోనైనా, ఇక్కడైనా ఇదే వరస. పైగా చాలా స్కూళ్లలో మ్యూజిక్ టీచర్ ఒక్కరే ఉంటారు. లెక్కల టీచర్లు నలుగురుంటే నలుగురూ కలిసి హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్తారు. పాట నేర్పే టీచర్ మాత్రం ఒంటరిగా వెళ్లాలి.

ఆ ఒంటరి టీచర్‌కు తోడుగా అమెరికాలో వందేళ్లకు పైగా పనిచేస్తున్న సంస్థ 'నేషనల్ అసోసియేషన్ ఫర్ మ్యూజిక్ ఎడ్యుకేషన్'. దాని ప్రధాన కార్యాలయం ఇంతకుముందు వర్జీనియా రాష్ట్రంలోని రెస్టన్‌లో ఉండేది. తెలుగు కుటుంబాల పిల్లలు అక్కడి స్కూలు బ్యాండ్‌లో క్లారినెట్ పట్టుకున్నా, కోయిర్‌లో గొంతు కలిపినా, ఆ క్లాసు వెనుక ఈ సంఘం చేసిన పని ఎంతో కొంత ఉంటుంది.

భూకంపం తర్వాత మొదలైన సంఘం

1906లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ ఏడాది అక్కడ జరగాల్సిన టీచర్ల జాతీయ సభ ఆగిపోయింది. మరుసటి ఏడాది, అంటే 1907 ఏప్రిల్‌లో, అయోవా రాష్ట్రంలోని కియోకక్ అనే చిన్న ఊళ్లో సంగీత సూపర్‌వైజర్లు విడిగా కలిశారు. వారిని పిలిచింది ఆ ఊరి స్కూళ్లలో సంగీతం చూసుకునే ఫిలిప్ హేడెన్. పిల్లలకు తాళం నేర్పడానికి తాను వాడుతున్న పద్ధతిని తోటివారికి చూపించాలన్నది ఆయన ఉద్దేశం. సభను నడిపించింది ఫ్రాన్సెస్ ఇలియట్ క్లార్క్ అనే మహిళ. ఆ సమావేశం నుంచే సంఘం పుట్టింది. పేరు చాలాసార్లు మారింది. ఇప్పుడున్న పేరుతో 2011 నుంచి నడుస్తోంది.

యూనియన్‌కు, దీనికి తేడా ఏమిటి?

జీతాలు, సెలవులు, ట్రాన్స్‌ఫర్ల గురించి బేరమాడేది టీచర్ల యూనియన్. ఈ సంఘం చూసేది సబ్జెక్టును, దాన్ని నేర్పే పద్ధతిని. 1914లో మొదలైన దాని పత్రిక ఇప్పుడు 'మ్యూజిక్ ఎడ్యుకేటర్స్ జర్నల్' పేరుతో వస్తోంది. రాష్ట్రాల్లో శాఖలున్నాయి. టీచర్ కావాలని చదువుకుంటున్న కాలేజీ విద్యార్థులకు కూడా విడిగా శాఖలున్నాయి. ఏటా మార్చి నెలను 'మన స్కూళ్లలో సంగీతం' నెలగా జరుపుతారు.

వీటన్నిటికంటే టీచర్‌కు ఎక్కువ ఆసరా ఇచ్చేది ప్రమాణాల పత్రం. సంగీతం నేర్పాలంటే స్కూల్లో ఎంత సమయం ఇవ్వాలి, ఎలాంటి గది ఉండాలి, ఏ వాయిద్యాలు కావాలి అన్నది అందులో రాసి ఉంటుంది. "నాకు గది కావాలి" అని టీచర్ సొంతంగా అడిగితే అది కోరికలా వినిపిస్తుంది. అదే జాతీయ ప్రమాణం ముందు పెట్టి అడిగితే, యాజమాన్యం జవాబు చెప్పక తప్పదు.

చట్టంలో ఒక్క మాట కోసం

చట్టంలో సబ్జెక్టు పేరు ఉందా లేదా అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. నిధులు వచ్చేది మాత్రం ఆ పేరు మీదే. 1994లో అమెరికా జాతీయ విద్యా లక్ష్యాల చట్టంలో కళలకు చోటు దక్కింది. అదే ఏడాది కళల విద్యకు జాతీయ ప్రమాణాలు వచ్చాయి. వాటి తయారీలో ఈ సంఘం ముందుంది. 2015 డిసెంబర్‌లో వచ్చిన విద్యా చట్టం ఇంకో అడుగు వేసింది. సమగ్ర విద్యలో భాగమైన సబ్జెక్టుల జాబితాలో సంగీతాన్ని పేరు పెట్టి చేర్చింది. దీంతో కేంద్ర నిధుల్లో కొంత సంగీతానికి ఇవ్వాలని జిల్లా అధికారులను అడగడానికి టీచర్లకు దారి దొరికింది.

పాటే భయమైన రోజులు

2020 మార్చిలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక కోయిర్ రిహార్సల్‌కు 61 మంది వచ్చారు. వారిలో 53 మందికి కోవిడ్ సోకినట్టు అధికారులు లెక్క తేల్చారు. ఇద్దరు చనిపోయారు. ఈ వార్తతో స్కూళ్లలో పాడించాలన్నా, ఊదే వాయిద్యం పట్టించాలన్నా టీచర్లు వణికిపోయారు. క్లాసులు మొత్తం మూసేస్తారేమో అన్న భయం ఇంకోవైపు.

అప్పుడు సంగీత, నాటక సంస్థలు కలిసి యూనివర్సిటీ పరిశోధకులతో పరీక్షలు చేయించాయి. పాడినప్పుడు, ఊదినప్పుడు గాలిలోకి ఎంత తుంపర వెళ్తుందో కొలిపించాయి. వచ్చిన ఫలితాలతో ఈ సంఘం మరో సంస్థతో కలిసి మార్గదర్శకాలు విడుదల చేసింది. వాయిద్యం మూతికి గుడ్డ తొడుగు, పిల్లల మధ్య దూరం, అరగంట రిహార్సల్ తర్వాత గదిలో గాలి మారేదాకా విరామం. ఒక్క టీచర్ ఎంత కష్టపడినా ఇలాంటి సమాచారం సొంతంగా తెచ్చుకోలేరు. సంఘం ఉండటం వల్లే అది అందరికీ అందింది.

మన దగ్గర సంగతి

మన విద్యా హక్కు చట్టం 2009 షెడ్యూల్ చూస్తే విషయం అర్థమవుతుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, పిల్లలు వంద దాటితేనే కళా విద్యకు బోధకుడు ఉండాలి. అదీ పార్ట్‌టైమ్. ఆ 'కళ'లో బొమ్మలు గీయడం వస్తుందో, పాట వస్తుందో స్కూలును బట్టి ఉంటుంది. 2020 జాతీయ విద్యా విధానం మాత్రం కళలకు, సైన్సుకు మధ్య గోడ ఉండకూడదని చెప్పింది.

కాగితం మీద గోడ పడిపోయింది. టైమ్‌టేబుల్‌లో పడాలంటే ఎవరో ఒకరు వెంటపడి అడగాలి. కియోకక్‌లో కలిసినవారి చేతిలోనూ మొదట చట్టం లేదు, నిధులు లేవు. ఒక టీచర్ తన పద్ధతి చూడటానికి రమ్మని పిలిస్తే, మిగతావాళ్లు రైలెక్కి వచ్చారు.