హదీసు ఒప్పుకోని మామూ, గుంటూరు ఇల్లు

నేను మౌల్వీని కాను, సాఫ్ట్‌వేర్ పని చేసుకునేవాణ్ణి. మా మేనమామ (మేం మామూ అంటాం) హదీసులను ప్రమాణంగా ఒప్పుకోరు. ఖురాన్ ఒక్కటే చాలంటారు. ఇక్కడ డల్లాస్‌లో ఈద్ విందంటే బిర్యానీ చల్లారేదాకా ఆ వాదనే! నమాజు, ఉపవాసం మానరు గనక ఆయన ముస్లిమేనా అన్న ప్రశ్న నాకు నచ్చదు. ఈ ఆలోచన కొత్తదీ కాదు. మలేసియాలో కాసిం అహ్మద్ 1986లోనే ఇలాంటి పుస్తకం రాస్తే నిషేధించారు.

అసలు చిక్కు ఆస్తి దగ్గర వచ్చింది. తనను చూసుకుంటున్న చిన్న కూతురికే గుంటూరు ఇల్లు రాస్తానంటున్నారు మామూ. దగ్గరి బంధువులకు వీలునామా రాయమని రెండో సూరా 180వ ఆయత్‌లో ఉంది కదా అంటారు. వారసత్వ ఆయత్‌లు వచ్చాక అది రద్దయిందని సున్నీ ఉలమాల మాట. వారసులకు వీలునామా చెల్లదు, బయటివారికైనా మూడో వంతు మించకూడదు అనే నిబంధనలకు ముఖ్య ఆధారం హదీసులే.

హనఫీ పద్ధతిలో దారి ఉంది. ఆయన పోయాక తక్కిన వారసులు సమ్మతిస్తే వీలునామా చెల్లుతుంది. లేదా బతికుండగానే హిబాగా ఇచ్చి, ఇల్లు స్వాధీనం చేయాలి. బుఖారీ మీద వాదన మా ఇంట్లో తెమిలేది కాదు. అందుకే ముందు పెద్దక్కతో, బావతో మాట్లాడమని మామూకి చెప్పాను. వచ్చే నెల గుంటూరు వెళ్తున్నారు.