గొట్టంలో పోయే వేడిని తూచే మీటరు

పదో తరగతిలో విశిష్టోష్ణం పాఠం చెబుతుండగా వెనక బెంచీ పిల్లవాడు ఒకడు లేచాడు. "సార్, కరెంటుకు మీటరుంది, నీళ్లకు మీటరుంది. వేడిని కొనుక్కునేవాళ్లు ఉంటే దాన్నెలా కొలుస్తారు?" చాలా మంచి ప్రశ్న. వేడిని కొనుక్కునేవాళ్లు కోట్లలో ఉన్నారు. దాన్ని నిజాయతీగా కొలిచే సాధనం మాత్రం వాళ్లలో చాలామంది ఇళ్లకు బాగా ఆలస్యంగా చేరింది.

వార్సా, మాస్కో, బీజింగ్ వంటి చలి నగరాల్లో చాలా అపార్టుమెంట్లకు సొంత పొయ్యి ఉండదు. ఎక్కడో ప్లాంటులో కాగిన నీరు భూమిలోని గొట్టాల గుండా వచ్చి, కిటికీల కింద ఉండే రేడియేటర్లలో వేడిని వదిలేసి, చల్లబడి వెనక్కి పోతుంది. ఈ ఊరుమ్మడి వేడి వ్యాపారాన్ని లాభసాటిగా నిలబెట్టినవాడు బర్డ్‌సిల్ హోలీ. 1877లో న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్‌పోర్ట్‌లో మొదలుపెట్టాడు. ఆయన పంపింది నీటిని కాదు, ఆవిరిని.

సోషలిస్టు దేశాల్లో దశాబ్దాలపాటు బిల్లును ఇంటి విస్తీర్ణాన్ని బట్టి వేశారు. చదరపు మీటరుకు ఇంత అంటే ఇంతే. పైగా చాలా ఇళ్లలో రేడియేటరుకు తిప్పుకునే వాల్వే లేదు. గది మరీ వేడెక్కితే, బయట మంచు కురుస్తున్నా కిటికీ తెరిచేవాళ్లు. దీన్ని వాళ్ల దుబారా అనడం నాకు నచ్చదు. తగ్గించుకునే వీలూ లేదు, తగ్గిస్తే మిగిలేదీ లేదు.

సరే, మీటరు పెట్టాలి. ఎలా? పిల్లవాడు చదువుతున్న పాఠంలోనే జవాబు ఉంది. నీటి ద్రవ్యరాశిని విశిష్టోష్ణంతోనూ, ఉష్ణోగ్రత తేడాతోనూ గుణిస్తే వచ్చేదే నీరు వదిలిన వేడి. ఇంటికి గంటకు 200 కిలోల నీరు 70 డిగ్రీల దగ్గర వచ్చి 40 దగ్గర తిరిగి పోయిందనుకుందాం. 200 × 4.19 × 30 అంటే సుమారు 25,000 కిలోజౌళ్లు. మన కరెంటు లెక్కలో 7 యూనిట్లు. అంటే నీరు ఎంత పోయింది, ఎన్ని డిగ్రీలు దిగింది అన్న రెండూ తెలిస్తే చాలు.

డిగ్రీలను కొలిచేది ప్లాటినం. వేడెక్కిన కొద్దీ దాని విద్యుత్ నిరోధం ఒక పద్ధతిగా పెరుగుతుంది. వచ్చే గొట్టానికొకటి, పోయే గొట్టానికొకటి అమరుస్తారు. ఇక్కడొక జాగ్రత్త ఉంది. తేడా 30 డిగ్రీలున్నప్పుడు అర డిగ్రీ పొరపాటు రెండు శాతంలోపే. తేడా 3 డిగ్రీలకు పడిపోతే అదే అర డిగ్రీ బిల్లును ఆరో వంతు మార్చేస్తుంది. అందుకే ఒకేలా స్పందించే రెండింటిని ఏరి జతకడతారు. ఒకటి పాడైతే జతనే మార్చాలి.

నీటిని కొలవడం మరింత కష్టం. పాత మీటర్లలో చిన్న చక్రం తిరిగేది. ఉక్కు గొట్టాల్లోని నల్లటి ఇనుప తుప్పు మాగ్నెటైట్. చక్రం కదలికను లెక్కపెట్టే భాగానికి అందించే అయస్కాంతానికే అది పోయి అంటుకునేది. చక్రం బరువెక్కి మీటరు తక్కువ చూపేది. తిరిగే భాగమే లేకుండా కొలవడానికి ఇంజనీర్లు శబ్దాన్ని పట్టుకున్నారు.

అల్ట్రాసోనిక్ మీటరు గొట్టంలో అటొకటి ఇటొకటి రెండు స్ఫటికాలుంటాయి. ఒకటి కూత పెడితే రెండోది వింటుంది, తర్వాత రెండోది కూత పెడితే మొదటిది వింటుంది. గోదావరిలో పడవ వాలుకు త్వరగానూ ఎదురుకు ఆలస్యంగానూ చేరినట్టు, నీటి వాలున వెళ్లిన శబ్దం ముందు చేరుతుంది. ఎంత ముందు? స్ఫటికాల మధ్య దూరం 10 సెంటీమీటర్లు, నీటి వేగం సెకనుకు ఒక మీటరు అయితే ప్రయాణం మొత్తం సుమారు 65 మైక్రో సెకన్లు, తేడా 80 నానో సెకన్ల చిల్లర. నీరు సెకనుకు సెంటీమీటరు చొప్పున పాకుతుంటే తేడా ఒక నానో సెకను కూడా ఉండదు. దాన్నీ పట్టుకుంటుంది.

నాకు ముచ్చట వేసేది దీని తర్వాతి మెట్టు. నీటిలో శబ్ద వేగం స్థిరం కాదు. 20 డిగ్రీల దగ్గర సెకనుకు 1,480 మీటర్లు, 70 డిగ్రీల దగ్గర సుమారు 1,555. మనం కొలవాల్సిన నీటి వేగం సెకనుకు ఒక మీటరైతే, వేడి వల్ల వచ్చే మార్పే 75 మీటర్లు! లెక్క మునిగిపోవాలి. మునగదు. వాలుకు వెళ్లే శబ్దం వేగం 'శబ్దం + నీరు', ఎదురుకు 'శబ్దం − నీరు'. దూరాన్ని రెండు కాలాలతో విడివిడిగా భాగిస్తే ఈ రెండు వేగాలూ వస్తాయి. ఒకదానిలోంచి ఒకటి తీసివేయండి. శబ్ద వేగం పూర్తిగా కొట్టేసుకుపోయి నీటి వేగానికి రెండింతలు మిగులుతుంది. నీరు మరుగుతున్నా గడ్డకట్టబోతున్నా ఈ తీసివేతకు పట్టింపు లేదు. ఎనిమిదో తరగతి బీజగణితం ఇంత పని చేయడం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కదిలే భాగాలు లేవు కాబట్టి అరుగుదల లేదు, బ్యాటరీ పదేళ్లకు పైగా వస్తుంది.

కానీ పాత భవనాల్లో ఇంటికో మీటరు కుదరలేదు. ప్రతి గదిలోనూ కింది అంతస్తు నుంచి పైకి నిలువుగా వేరే గొట్టం పోతుంది. నాలుగు గదులుంటే నాలుగు దారులు. అక్కడ గెలిచింది మరీ చవకైన సాధనం. రేడియేటరుకు బిగించిన సన్నని గాజు గొట్టంలో మిథైల్ బెంజోయేట్ వంటి ద్రవం. రేడియేటరు వేడిని బట్టి అది ఆవిరవుతుంది. చలికాలం అయ్యాక ఒకాయన వచ్చి ఎన్ని గీతలు దిగిందో రాసుకుని కొత్త గొట్టం పెట్టి పోతాడు. ఇది యూనిట్లు చెప్పదు. భవనం మొత్తం బిల్లులో ఎవరి వాటా ఎంతో మాత్రమే చెబుతుంది. వేసవిలోనూ కాస్త ఆవిరవుతుంది కాబట్టి సున్నా గీతకు పైదాకా నింపుతారు. తర్వాత రేడియేటరునూ గదినీ విడివిడిగా చూసే ఎలక్ట్రానిక్ పరికరాలు దాని చోటు తీసుకున్నాయి.

వాటాల్లో ఇంకో చిక్కు ఉంది. మధ్య అంతస్తులో ఉండేవాళ్లు తమ రేడియేటరు కట్టేసినా పై, కింది, పక్క ఇళ్ల వేడి గోడల గుండా వస్తుంది. జర్మనీ 1981 నిబంధనలు అందుకే బిల్లులో 50 నుంచి 70 శాతమే వాడకం మీద వేసి, మిగిలింది విస్తీర్ణం మీద పంచమన్నాయి. న్యాయమైన పని.

మిగతా చరిత్ర త్వరగా నడిచింది. 1990లలో ప్రపంచ బ్యాంకు రుణాలతో పోలండ్ నగరాలు భవనానికో మీటరు పెట్టుకున్నాయి. చైనా 2003 నుంచి ఈ సంస్కరణ మొదలుపెట్టింది. 2012 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశం, ఖర్చు గిట్టుబాటయ్యే చోటల్లా ఇంటింటి కొలతను తప్పనిసరి చేసింది. అయితే మీటరొక్కటే ఏమీ ఆదా చేయదు. డెన్మార్క్‌లో మాడ్స్ క్లౌసెన్ 1943లో రూపొందించిన థర్మోస్టాట్ వాల్వ్ వంటిది రేడియేటరు పక్కన ఉండాలి. ఇళ్లవాళ్లు వాల్వులు కట్టేస్తే నెమ్మదించే పంపు కూడా ప్లాంటులో ఉండాలి. మీటరు పెట్టి వాల్వు మరిచిన చోట బిల్లు రూపం మారింది తప్ప కిటికీలు మూతపడలేదు.

మనకు వేడి కొనే అవసరం లేదు కానీ ఈ మీటరు మనవాళ్లకు కొత్త కాదు. దుబాయ్‌లో ఉండే బంధువులను వాళ్ల 'చిల్లర్' బిల్లు పంపమనండి. అక్కడ చాలా భవనాలకు చల్లని నీరు ఊరుమ్మడి ప్లాంటు నుంచి ఐదారు డిగ్రీల దగ్గర వచ్చి, ఇంటి వేడిని మోసుకుని వెనక్కి పోతుంది. ఇదే మీటరు, ఇదే గుణకారం, తేడా మాత్రం తిరగబడుతుంది. బిల్లులో టన్-అవర్లు అని ఉంటే 3.5తో గుణించండి, ఆ నెల ఇంట్లోంచి తోడేసిన వేడి యూనిట్లలో వస్తుంది. టీచర్లు ఈ లెక్కను పదో తరగతి పిల్లల చేత ఒకసారి చేయించండి.