తోట వైకుంఠం బొమ్మల్లో అమ్మ

రూపాయి బిళ్లంత బొట్టు, ముక్కుపుడక, ఎర్రచీర, ముదురు చాయ. తోట వైకుంఠం గారి బొమ్మ ఎక్కడున్నా ఇట్టే గుర్తుపడతాం. ఆ మొఖానికి మూలం ఆయన తల్లే. 1942లో మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన ఆయన, ఊరికొచ్చే నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లను చూసి చిన్ననాడే ముచ్చటపడేవారు. హైదరాబాద్‌లో చదివి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకొని వచ్చి, గీసింది మాత్రం మన పల్లె ఆడవాళ్లనే. 'దాసి' చిత్రానికి కళా దర్శకునిగా జాతీయ అవార్డు కూడా అందుకున్నారు.

హాలెండ్‌లో రెంబ్రాంట్ భార్యను, కొడుకును వెలుగునీడలతో చిత్రించాడు. వైకుంఠం గారి దారి వేరు. ఎరుపు, పసుపు, కాషాయం కలపకుండా నిండుగా పూస్తారు. నల్లటి ఒంటిని తెల్లబరచరు. మాకు అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే. క్యాలెండర్ దేవతలంతా తెల్లగానే ఉంటారు. నాట్లేసే, బీడీలు చుట్టే మా అమ్మలు ఏ పటంలో ఉన్నారు?

ఈ సంచిక కోసం మా ఆరో తరగతి తమ్ముళ్లను అమ్మ బొమ్మ గీయమన్నాం. చాలామంది మొఖానికి గులాబీ రంగు పెన్సిలే అందుకున్నారు. ఇద్దరు మాత్రం గోధుమరంగు అడిగారు. డబ్బాలో అది ఒక్కటే ఉంది, విరిచి ఇద్దరికీ ఇచ్చాం.